ఇంజన్‌కి చెవుడొస్తే

ఉద్దానంలో కొబ్బరి బేరగాడు కాయని చెవి దగ్గర ఊపి, గోటితో ఓసారి తట్టి పక్కన పెట్టేస్తాడు. పగలగొట్టకుండానే లోపల నీళ్ళెన్ని ఉన్నాయో, కాయ ముదురో లేతో చెప్పేస్తాడు. పెట్రోల్ కారు ఇంజన్‌కి కూడా అలాంటి బేరగాడు ఒకడున్నాడు. వాడి పేరు నాక్ సెన్సార్. రూపాయి బిళ్ళంత వెడల్పుతో, మధ్యలో బోల్టుకి చిల్లు ఉండి, సిలిండర్ బ్లాకుకి అతుక్కుని ఉంటుంది. లోపల మంట ఎలా మండుతోందో ఇనుము మీద చెవి పెట్టి వింటుంది.

నాకు దాని పరిచయం సాలూరు ఘాట్‌లో అయింది. విజయనగరం నుంచి కొరాపుట్ వెళ్తున్నాం. బండి నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. సుంకి వైపు ఎక్కుతుండగా ఇంజన్ లైటు వెలిగింది. ఆ తర్వాత బండి లాగడం మానేసింది. తిరిగొచ్చాక చూపించిన గ్యారేజీలో స్కానర్ పెట్టారు, పి 0325 అని వచ్చింది. "నాక్ సెన్సార్ పోయిందండి" అని కొత్తది వేశారు. నాలుగో రోజుకి మళ్ళీ అదే లైటు, అదే కోడు.

ఇంతకీ అది వినేదేమిటి? స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్‌లో ఈ మూల నుంచి ఆ మూలకి వరసగా పాకాలి. గడ్డికుప్ప ఒక పక్క అంటుకుంటే మంట జరుగుతూ వెళ్ళినట్టన్నమాట. ఒక్కోసారి ఆ మంట చేరకముందే, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక అవతలి మూల మిగిలిన గాలి-పెట్రోల్ మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. అప్పుడు ఒత్తిడి అలలు సిలిండర్ గోడల మధ్య సెకనుకి సుమారు 900 మీటర్ల వేగంతో కొట్టుకుంటాయి. సిలిండర్ వ్యాసం 80 మిల్లీమీటర్లు అయితే ఆ మోత సెకనుకి 6,000 నుంచి 7,000 కంపనాల దగ్గర పలుకుతుంది. అదే నాకింగ్. ఎక్కువసేపు సాగితే పిస్టన్ తలకి గుంటలు పడతాయి, రింగులు విరుగుతాయి. (దీన్నే చాలామంది టప్పెట్ సౌండ్ అంటారు. అది వేరు, అది వాల్వుల దగ్గర పుట్టే చప్పుడు. మన తప్పెటగుళ్ళకీ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.)

వినే పద్ధతి మన వంటింట్లోనే ఉంది. టిక్కుమనిపించే గ్యాస్ లైటర్‌లో ఒక చిన్న సుత్తి పింగాణీ లాంటి ముక్కని కొడుతుంది, ఆ దెబ్బకే కరెంటు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. నొక్కితే కరెంటు పుట్టే ఈ గుణాన్ని 1880లో పియెర్ క్యూరీ, జాక్ క్యూరీ అనే అన్నదమ్ములు స్ఫటికాల్లో కనిపెట్టారు. నాక్ సెన్సార్ లోపలా అలాంటి ముక్కే. బ్లాకు అదిరితే అది నలుగుతుంది, నలిగినప్పుడల్లా చిటికెడు కరెంటు తీగలోకి వదులుతుంది.

నాకు అబ్బురమనిపించేది ఆ తీగకి అవతల చివర కూర్చున్న కంప్యూటర్. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 సార్లు మంట పుడుతుంది. ఒకటే సెన్సార్, నాలుగు సిలిండర్లు. అయినా ఎవరి మోత ఏదో దానికి తెలుసు. ఎలాగంటే అది అస్తమానం వింటూ కూర్చోదు. ఒక్కో సిలిండర్‌లో మంట పుట్టాక, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, కొన్ని డిగ్రీలు తిరిగేంతసేపే చెవి తెరుస్తుంది. ఆ లిప్తకాలంలో మోత వినిపిస్తే ఆ సిలిండర్‌కి స్పార్క్ కాస్త ఆలస్యం చేస్తుంది. మోత ఆగాక మెల్లగా మళ్ళీ పాత సమయానికి తెస్తుంది.

మరి చెవుడొచ్చిందని దానికెలా తెలుస్తుంది? ఇంజన్ వేగం పెరిగేకొద్దీ మామూలు చప్పుడు కూడా పెరగాలి. పెరగాల్సిన చోట పెరగకపోతే తీగలో ఏదో తేడా ఉందని అనుమానిస్తుంది. అందుకే చాలా బండ్లలో ఈ లైటు ఇంటిముందు ఐడిల్‌లో వెలగదు, హైవే ఎక్కాక వెలుగుతుంది. నాకింగ్ ఉందో లేదో తెలియదు కాబట్టి, ఉందనే అనుకుని స్పార్క్‌ని ముందుజాగ్రత్తగా ఆలస్యం చేసేస్తుంది. బండి లాగదు, మైలేజీ పడిపోతుంది. నాకింగ్‌ని తట్టుకునే ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోల్ పోయించినా ఉపయోగం లేదు, తీగ తెగితే పెట్రోల్ ఏం చేస్తుంది?

శ్రీకాకుళంలో నాకు తెలిసిన పాత మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. కోడు చూసి నవ్వాడు. "సెన్సార్ పోయిందని ఎవులు సెప్పినారు బాబూ? సర్క్యూట్ అంతాది గదా ఇది!"

నిజమే. పి 0325 అంటే నాక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని బోల్టు, కనెక్టరు, తీగ, కంప్యూటర్, అన్నీ. పి 0327 అయితే సంకేతం మరీ తక్కువని, పి 0328 అయితే మరీ ఎక్కువని. తప్పు ఏ ఊళ్ళో జరిగిందో కోడు చెబుతుంది, ఏ ఇంట్లోనో మనమే వెతుక్కోవాలి.

మేస్త్రీ ముందు పాత సెన్సార్ అడిగాడు. అదృష్టం కొద్దీ పారేయలేదు. మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలిచి, ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చాడు. బాగానే ఉంది. ఈ అంకె బండిని బట్టి మారుతుంది. కొన్నిటిలో లక్షల ఓమ్‌లు ఉంటాయి, కొన్ని రకాల్లో లోపల రెసిస్టర్ ఉండదు కాబట్టి మీటర్ ఏమీ చూపించదు. మాన్యువల్ చూడకుండా "ఓపెన్ అయిపోయింది", అంటే లోపల తెగిపోయింది, అనేస్తే మంచి సెన్సార్ చెత్తబుట్టలో పడుతుంది. తర్వాత మీటర్‌ని ఏసీ మిల్లీవోల్టులకి తిప్పి, బ్లాకు మీద సెన్సార్ పక్కన చిన్న స్పానర్‌తో టకటకా కొట్టాడు. అంకె కదిలింది. చెవి పనిచేస్తోంది.

బోల్టు బిగింపూ చూశాడు. చాలా బండ్లలో ఇది 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. వదులైతే చెవి ఇనుముకి ఆనదు, మరీ బిగిస్తే లోపలి ముక్క ముందే నలిగి తప్పు వింటుంది. కింద తుప్పుంటే గీకాలి, వాషర్ వేయకూడదు. కనెక్టరు విప్పి పిన్నుల మీద చిలుము వెతికాడు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ బండ్లలో అక్కడే దొరుకుతుందట. మాది శుభ్రంగా ఉంది.

ఆఖరికి ఇంజన్ ఆపి, రెండు కొసల కనెక్టర్లూ విప్పి, తీగ తెగనంతసేపూ బీప్‌మనేలా మీటర్‌కి కలిపి, ఆ తీగని వేళ్ళతో జానెడు జానెడుగా వంచుతూ వెళ్ళాడు. ఒకచోట బీప్ ఆగిపోయింది. టేపు ఊడదీస్తే ఎలుక పళ్ళ గాట్లు. లోపలి రాగి పోగులు ఒకటో రెండో మిగిలాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ తన మౌంట్ల మీద కాస్త ఒరుగుతుంది. ఆ ఒరుగుకి తీగ సాగి, ఆ పోగులూ విడిపోయేవి. సమతలం మీద మళ్ళీ కలిసేవి. ఘాట్‌లో ఎందుకు వెలిగిందో అప్పుడర్థమైంది.

సాల్డర్ చేసి, పైన జల్లెడలా అల్లిన షీల్డ్ తీగ కూడా తెగకుండా కలిపాడు. అది లేకపోతే స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ రొదంతా ఇందులోకి దూరుతుంది.

డబ్బులిస్తూ, ఘాట్‌లో అప్పుడు ఏ గేరులో ఉన్నానో చెప్పాను. మూడు.

"అంత బరువేసుకుని మూడేటి బాబూ, రెండులో ఎక్కాల. వైరైతే అతికించినాను గానీ, నీ గేరు నాను మార్సనేను" అన్నాడు.