రబ్బరులో తెల్లపొడి ఎందుకు కలుపుతారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు తొడుక్కునే హవాయి చెప్పు అడుగు చూడటానికి అంతా రబ్బరే అనిపిస్తుంది గాని, సాధారణంగా అందులో సుద్ద, చైనా క్లే అనే తెల్లని బంకమట్టి, ఇసుకలో ఉండే సిలికా వంటి ఖనిజాల పొడి గణనీయంగా కలిసి ఉంటుంది. ధర తగ్గించడానికి చేసే కల్తీ అని కొందరు తేల్చేస్తారు. ఆ మాట సగమే నిజం. కొన్ని పొడులు రబ్బరులో చోటు నింపి ఊరుకుంటాయి, కొన్ని దానికి బలాన్నిస్తాయి.

ఈ తేడాకు మొదటి కారణం రేణువు పరిమాణం. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6 చదరపు మీటర్లు, 20 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) ఘనాలుగా కోస్తే 300 చదరపు మీటర్లు అవుతుంది. లెక్క మీరే వేసి చూడండి. టైర్లలో ఎక్కువగా వాడే ఒక రకం సిలికాకు గ్రాముకు దాదాపు 175 చదరపు మీటర్లు, అంటే ఒక వాలీబాల్ కోర్టును మించిన ఉపరితలం ఉంటుంది. రబ్బరు గొలుసు అణువులు పట్టుకొనేది ఆ ఉపరితలాన్నే. మర ఆడించిన సుద్దపొడి రేణువులు కొన్ని మైక్రాన్లుంటాయి గనుక, సాగదీసినప్పుడు వాటి నుంచి రబ్బరు విడిపోయి ఖాళీలు ఏర్పడతాయి, చిరుగు అక్కడే మొదలవుతుంది.

సహజ రబ్బరును సాగదీస్తే దాని అణువులు వరుసగా సర్దుకొని స్ఫటికాలవుతాయి కాబట్టి, పూరకం, అంటే ఇలా కలిపే పొడి, లేకపోయినా అది సులభంగా తెగదు. పూరకం దానికి ముఖ్యంగా గట్టిదనాన్నీ, అరుగుదలను తట్టుకొనే శక్తినీ ఇస్తుంది. టైర్లలో వాడే కృత్రిమమైన స్టైరీన్ బ్యుటాడైన్ రబ్బరుకు ఆ గుణం లేదు. ఒంటరిగా అది 2, 3 మెగాపాస్కల్‌ల (లాగే బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరే తెగిపోతుంది, సన్నని పూరకం తగినంత కలిపితే 20 మెగాపాస్కల్‌లు దాటుతుంది.

రెండో కారణం పొత్తు. సిలికా రేణువు పైన ఉండే హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) నీటినీ, తమ తోటి రేణువులనూ ఇష్టపడతాయి గాని, నూనె స్వభావం గల రబ్బరును ఇష్టపడవు. అందువల్ల ఊరికే కలిపితే అవి ఉండలు కడతాయి, కలిపే యంత్రం మీద భారం పెరుగుతుంది. అందుకే సైలేన్ అనే మధ్యవర్తిని చేరుస్తారు. మిక్సర్‌లో సుమారు 150 డిగ్రీల వేడి దగ్గర దాని ఒక కొస సిలికాతో బంధం కుదుర్చుకుంటుంది. గంధకం ఉన్న రెండో కొస, తరువాత క్యూరింగ్ (వేడితో రబ్బరును బిగించడం) జరిగేటప్పుడు రబ్బరుతో కలుస్తుంది. మిక్సర్‌లో వేడి మరీ పెరిగితే ఆ గంధకం తొందరపడి అక్కడే రబ్బరును బిగించేస్తుంది కాబట్టి ఉష్ణోగ్రతను కనిపెట్టుకొని ఉండాలి. 1992లో మిషెలిన్ సంస్థ ఈ పద్ధతితో సిలికా టైర్లను మార్కెట్‌లోకి తెచ్చింది. కార్బన్ బ్లాక్ అనే సన్నని మసి పొడి కలిపిన టైరు కంటే అవి దొర్లేటప్పుడు తక్కువ శక్తిని వృథా చేస్తాయి, తడి రోడ్డు మీద పట్టూ నిలుపుతాయి. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే తెలివైన మలుపు లేదు.

ఇక చైనా క్లే రేణువులు పలకల్లా పరచుకొని గాలి దాటే దారిని పొడిగిస్తాయి. మన మంగంపేటలో దొరికే బెరైటీస్ అనే బరువైన ఖనిజం చమురు బావుల తవ్వకానికే ఎక్కువగా పోతుంది. రబ్బరులో కలిపితే బరువు పెంచుతుంది తప్ప బలమివ్వదు.

మన మిల్లుల దగ్గర కుప్పలుగా పడి ఉండే వరి ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో అత్యధిక భాగం సిలికాయే. ఆ బూడిద నుంచి తీసిన సిలికాను గుడ్‌ఇయర్ కంపెనీ టైర్లలో వాడుతోంది. అయితే బాయిలర్ బూడిదను తెచ్చి రబ్బరులో పోస్తే పని జరగదు. దానిని కాస్టిక్ సోడాలో కరిగించి, ఆమ్లంతో తిరిగి సన్నని రేణువులుగా దింపుకోవాలి. కాల్చేటప్పుడు వేడి అతిగా పెరిగితే సిలికా స్ఫటికంగా మారి సరిగా కరగదు, పైగా ఆ ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య