కనుబొమ్మ కింద సొట్ట

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి "మావయ్యా, కుడి కనుబొమ్మ కింద ఎముకలో చిన్న సొట్ట తగుల్తోంది, ఎడమ పక్క లేదు, చిన్నప్పుడు ఎక్కడైనా పడ్డానా?" అని అడిగింది. పడలేదమ్మా, నీ పుర్రె తయారైందే అలా.

మీరూ చూస్కోండి. కంటిగూడు పై అంచు మీద ముక్కు వైపు నుంచి బయటికి వేలు జరిపితే మూడో వంతు దూరంలో గోరు పట్టేంత సొట్ట తగలొచ్చు, నొక్కితే నుదురు జివ్వుమంటుంది. అక్కడుండేది నుదుటికి స్పర్శ తెలిపే సుప్రాఆర్బిటల్ నరం. కొందరికది సొట్టలోంచి పైకొస్తుంది, కొందరికి చుట్టూ మూసుకుపోయిన రంధ్రంలోంచి, అప్పుడు వేలికి పెద్దగా ఏమీ తెలీదు. ఒకే మనిషికి ఇటు సొట్ట, అటు రంధ్రం కూడా మామూలే.

"ఈ రంధ్రము గుండా ఈ నరము పోవును" అని బట్టీ పట్టిస్తారు చూడండి, అక్కడే వస్తుంది తంటా, ఎవరో డ్రిల్ పెట్టి కొట్టాక నరాన్ని దూర్చినట్టు. అసలు జరిగేది తలకిందులు. స్లాబ్ పోసేముందే కరెంటు పైపులు పరిచేసి వాటిచుట్టూ కాంక్రీటు పోస్తారు కదా, అచ్చం అంతే, నరం ముందు, ఎముక తర్వాత. పిండానికి రెండో నెల చివర్లో నుదుటి ఎముక పల్చటి పొరలో మొదలై, అడ్డొచ్చిన నరాన్ని తప్పించుకుంటూ పెరుగుతుంది. పైపు స్లాబ్ లోపలికుంటే చుట్టూ కాంక్రీటే, మరీ అంచుకుంటే ఒక పక్క తెరిచే ఉంటుంది. ఆ తెరిచిన పక్క లిగమెంట్ అనే సన్నటి నారపట్టీ ఒకటి వంతెనలా అడ్డంగా ఉంటుంది, అది ఎముకలా గట్టిపడిందా, సొట్ట కాస్తా రంధ్రం! నరం బయటికి రాకముందే రెండు కొమ్మలైతే రెండు దార్లు.

నడినెత్తికి కాస్త వెనక పెరైటల్ ఫొరామెన్ అని ఇంకో రంధ్రముంది, పుర్రె లోపల నడిమధ్యన పోయే సుపీరియర్ సాజిటల్ సైనస్ అనే పెద్ద రక్తపు కాలవని నెత్తి చర్మంలోని సిరలతో కలిపే ఎమిసరీ సిర దారి అది, ఆ సిరలో కవాటాలుండవు కాబట్టి రక్తం ఎటైనా పారగలదు. కొందరికి రెండు పక్కలా ఉంటుంది, కొందరికి ఒక పక్కే, కొందరికి అసలుండదు, అయినా ఎవరికీ ఏ లోటూ రాదు.

పుర్రె మీది అతుకుల గీతలు చూపించి అదే బ్రహ్మరాత అంటారు మనవాళ్ళు. రాత సంగతేమో గానీ ఈ రంధ్రాల్ని లెక్కపెట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు, 1967లో బెర్రీ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 30 తేడాలు తీసుకుని వేర్వేరు ప్రాంతాల పుర్రెల్ని పోల్చారు. స్కేలు అక్కర్లేదు, ఉందా లేదా, అంతే.

నుదుటికి కుట్లేసే ముందు మత్తిచ్చే డాక్టరు కూడా వేలితో వెతికేది ఈ సొట్టనే.

మేనకోడలు రాత్రి మళ్ళీ మెసేజ్ పెట్టింది, వాళ్ళాయనకి రెండు పక్కలా సొట్టేనట, అత్తగారు మాత్రం మొహం మీద చెయ్యి వెయ్యనివ్వలేదట.