మూడో వంతు ఎముక పోతే పన్ను ఎంత వదులవుతుంది?

అనంతపురం, కడప వైపు చీనీ (బత్తాయి) తోటల చుట్టూ రాతి కడీలు పాతి కంచె వేస్తారు. కడీని నిలబెట్టేది భూమిలో దిగిన లోతు. వానకు దాని మొదట్లో మట్టి కోసుకుపోయిందంటే నష్టం రెండు వైపులా జరుగుతుంది. లోపలి పట్టు తగ్గుతుంది, పైన తేలిన పొడవు పెరుగుతుంది. అదే గాలి, అదే రాయి, అయినా కడీ ఒరుగుతుంది.

పన్ను సంగతీ ఇంతే. చిగుళ్ల జబ్బు ముదిరితే వేరు చుట్టూ ఉన్న దవడ ఎముక పైనుంచి కిందికి కరుగుతూ పోతుంది. ఎక్స్‌రే చూసి 'ముప్పై శాతం పోయింది' అంటే, ఇంకా డెబ్బై శాతం బలం ఉందిలే అనుకుంటారు చాలామంది. ఆ లెక్క తప్పు. ఎంత తప్పో కంప్యూటర్ దాకా పోకుండా కాగితం మీదే చూడొచ్చు.

కింది దవడలో ఒక చిన్న దవడపన్ను తీసుకుందాం. పైకి కనిపించే భాగం 8 మి.మీ., వేరు 14 మి.మీ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎముక అంచు, పింగాణీ పొర ముగిసే గీతకు సుమారు 2 మి.మీ. కింద ఉంటుంది. అంటే 12 మి.మీ. వేరు ఎముకలో, 10 మి.మీ. పన్ను బయట. ఇందులో 4 మి.మీ. ఎముక కరిగితే లోపల 8, బయట 14 అవుతుంది. వేరును గట్టి కడ్డీగా, చుట్టూ ఉన్న ఆధారాన్ని ఒకే తీరు స్ప్రింగుల వరుసగా అనుకుని, పంటి పైకొనను ఒకే బలంతో పక్కకు తోసి చూస్తే ఎముక అంచు దగ్గర ఒత్తిడి 2.4 రెట్లు, పన్ను ఒరిగే కోణం 3.8 రెట్లు పెరుగుతాయి. సగం ఎముక, అంటే 6 మి.మీ. పోతే ఒత్తిడి 4.4 రెట్లు, ఒరుగుడు 9.5 రెట్లు. నిజమైన వేరు కిందికి సన్నబడుతుంది కాబట్టి అసలు పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండదు.

అందుకే శాతం ఒక్కటే చూస్తే చాలదు. ఎముక ఒక పక్కే గుంటలా కరిగి ఉండొచ్చు, రెండు వేర్ల నడుమ ఖాళీ పడి ఉండొచ్చు, పన్ను వాలి ఉండొచ్చు. ఇవన్నీ కాగితం లెక్కకు లొంగవు. ఇక్కడ అక్కరకొచ్చేది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. విమానాల రెక్కల లెక్కల్లో ఎదిగిన ఈ పద్ధతికి 1960లో అమెరికా ఇంజనీరు రే క్లఫ్ ఆ పేరు పెట్టారు. వస్తువును వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత సాగుతుందో, ఎంత నలుగుతుందో కట్టి, అన్నిటినీ కలిపి సాధించడమే దాని సారం.

ఈ పద్ధతిలో పంటికి కంప్యూటర్ నమూనా (మోడల్) కట్టాలంటే మొదట సీబీసీటీ స్కాన్, అంటే దవడను మూడు కొలతల్లో చూపే ఎక్స్‌రే స్కాన్ కావాలి. దవడ మొత్తాన్ని ఒకే బల్లపరుపు బొమ్మగా చూపే ఓపీజీ ఎక్స్‌రే చాలదు. అందులో పెదవి వైపు, నాలుక వైపు ఎముక గోడలు పన్ను నీడలో కలిసిపోతాయి. స్కాన్‌లో ఒక్కో ఘనపు చుక్క 0.2 మి.మీ. గానీ అంతకంటే చిన్నదిగా గానీ ఉండాలి. తర్వాత పన్నును, గట్టి ఎముకను, లోపలి మెత్తటి జాలీ ఎముకను పొర పొరగా వేరు చేయాలి. త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పని ఉచితంగానే జరుగుతుంది. ఓపికంతా ఇక్కడే కావాలి. పక్క పంటికి లోహపు తొడుగు ఉంటే చారలు పడి, లేని ఎముక ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. అర మి.మీ. కంటే పలుచని గోడలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను వదిలేస్తుంది. చేత్తో దిద్దాల్సిందే.

ఇక అసలు కీలకం లిగమెంట్. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మి.మీ. మందంలో ఉండే ఈ నారల పొరే నమిలేటప్పుడు దెబ్బను మింగుతుంది. ఇంత సన్నని పొర స్కాన్‌లో సరిగ్గా దొరకదు. అందుకే వేరు ఉపరితలాన్ని 0.2 మి.మీ. బయటికి ఉబ్బించి, ఆ సందునే లిగమెంట్‌గా తీసుకుంటారు. ఆ సందులో కనీసం రెండు మూడు వరుసల ముక్కలు పట్టాలి. ఒకే వరుస పెడితే లిగమెంట్ ఉన్నదానికంటే బిరుసుగా లెక్కకొస్తుంది. ఒక్కో పదార్థం ఎంత బిరుసో చెప్పే అంకె కూడా ఇవ్వాలి. పంటి లోపలి డెంటిన్‌కు 18,600 మెగాపాస్కల్స్, గట్టి ఎముకకు 13,700, జాలీ ఎముకకు 1,370 అని మోడళ్లలో తరచూ వాడతారు. లిగమెంట్‌కు మాత్రం పరిశోధకులు వాడిన అంకెల మధ్య వేల రెట్ల తేడా ఉంది. ఒకే అంకె పెట్టి, వచ్చిన రంగురంగుల ఒత్తిడి బొమ్మను నమ్మడం ప్రమాదం. అంకెను పది రెట్లు పెంచి, పది రెట్లు తగ్గించి మళ్లీ లెక్క కట్టాలి. ఫలితం తలకిందులైతే ఆ మోడల్‌ను నమ్మి వైద్యం నిర్ణయించకూడదు.

మోడల్‌లో పంటి మీద నిట్టనిలువుగా 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు, ఒకసారి వేసి చూడాలి. అదే బలాన్ని 45 డిగ్రీల వాలులో మళ్లీ వేయాలి. జొన్న రొట్టె నమిలినా, వేయించిన బుడ్డలు (వేరుశనగలు) కొరికినా బలం నిలువుగా మాత్రమే పడదు, పక్కకూ తోస్తుంది. ఎముక తగ్గిన పన్ను నిలువు బరువును ఓర్చుకున్నంతగా పక్క బరువును ఓర్చుకోలేదు. ముక్కల సైజును సగానికి తగ్గించి మళ్లీ కట్టినప్పుడు ఒత్తిడి 5 శాతానికి మించి మారితే మెష్ (ఆ ముక్కల అల్లిక) ఇంకా ముతకగా ఉన్నట్టే. పదునైన మూల దగ్గర ఒక్క చుక్కలో ఎర్రగా మండే ఒత్తిడి చాలాసార్లు లెక్క పుట్టించినదే, జబ్బు కాదు.

ఆఖరి పరీక్ష రోగి నోట్లోనే ఉంది. చిగురు సందులో కొలకడ్డీ ఎన్ని మి.మీ. దిగుతోంది, పన్ను ఎంత కదులుతోంది అన్నవాటితో మోడల్ సరిపోలాలి. నోట్లో 1 మి.మీ. ఊగే పన్ను మోడల్‌లో కదలకపోతే, తప్పు మోడల్‌దే.

కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, అనంతపురంలో 1946 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఈ పని దంతవైద్యం చదివేవాళ్లూ మెకానికల్ చదివేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప కుదరదు. మెష్‌కు జీమెష్, లెక్కకు కాల్క్యులిక్స్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. మోడల్ కోసమని రోగికి కొత్తగా స్కాన్ తీయడం మాత్రం తగదు. వైద్యానికి అవసరమై తీసినదాన్నే వాడుకోవాలి.

వదులైన పళ్లను తీగతో, కాంపోజిట్‌తో (పంటి రంగు సిమెంటు లాంటి పదార్థం) కలిపి కట్టేటప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది. తిన్నగా ఉన్న కంచెలో కడీలన్నిటినీ ఒకే తీగతో బిగించినా, అడ్డంగా తోస్తే వరుస మొత్తం ఒకే వైపు ఒరుగుతుంది. మూల తిరిగిన చోట కడీని కూడా కలిపితే ఆగుతుంది. పళ్ల వరుసలోనూ కోరపన్ను దగ్గర వంపు తిరిగేదాకా కట్టు వస్తే ఒరుగుడు బాగా తగ్గుతుంది. కట్టు కింద సందుల్లో చిన్న బ్రష్ దూరేంత చోటు వదలాలి. దూరకపోతే అక్కడ గార పేరుకుని, మిగిలిన ఎముకా కరగడం మొదలవుతుంది.