మిలిటరీ గేమ్ డిజైనర్ కావాలనుకునే నల్లగొండ, పాలమూరు పిల్లలకు: అపోహలు - వాస్తవాలు

అపోహ: షూటర్ ఆటలు బాగా ఆడేవాళ్లు మంచి డిజైనర్లవుతారు.

ఆడటం వేరు, ఆటకు లెక్క కట్టడం వేరు. ఎదుటివాడి ప్రాణం 100, తుపాకి దెబ్బ 34, వేగం నిమిషానికి 600 రౌండ్లు అనుకోండి. అంటే తూటాకూ తూటాకూ మధ్య 0.1 సెకను. మూడు తూటాలకు పడిపోతాడు. మొదటి తూటా సున్నా సెకను దగ్గరే తగులుతుంది కాబట్టి పట్టే సమయం 0.2 సెకన్లు. ఇప్పుడు దెబ్బ 33 చేయండి. మూడు తూటాలకు 99 అయి ఒక్క పాయింటు మిగిలింది, నాలుగో తూటా కావాలి, సమయం 0.3 సెకన్లకు పెరిగింది. ఒక్క అంకె తేడాతో పట్టే సమయం ఒకటిన్నర రెట్లయింది. అదే తుపాకి దెబ్బను 39 నుంచి 34కు దించితే మాత్రం తూటాల సంఖ్య మారదు, ఆడేవాడికి తేడా తెలియదు. ఉద్యోగంలో చాలా రోజులు ఎక్సెల్ షీటులో ఇలాంటి అంకెలతోనే గడుస్తాయి: దెబ్బ, వేగం, మ్యాగజైన్, రీలోడ్ సమయం, దూరం పెరిగేకొద్దీ తగ్గే దెబ్బ. ఈ పని విసుగనిపిస్తే ఈ దారి మీది కాదు. ఆ సంగతి ఇంటర్‌లోనే తెలిస్తే మేలు.

అపోహ: ముందు ఖరీదైన కంప్యూటర్ కొనాలి.

కొనొద్దు. ముందు కాగితం మీద యుద్ధం కట్టండి. ఈ వృత్తి పుట్టింది కూడా అక్కడే. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా ఫిరంగిదళ అధికారి 1:8000 కొలత మ్యాపు మీద, పాచికలతో, మధ్యలో ఒక తీర్పరిని పెట్టి సైన్యాధికారులతో ఆడించాడు. ఒక్కో వంతుకు రెండు నిమిషాల యుద్ధం.

మీ మ్యాపుకు భువనగిరి ఖిల్లా తీసుకోండి. ఒకే బండ గుట్ట, ఎక్కే దారులు తక్కువ. చార్టు మీద 2 సెంటీమీటర్ల ఆరు మూలల గళ్లు గీయండి. పాత శుభలేఖల అట్టతో ఒకటిన్నర సెంటీమీటర్ల బిళ్లలు కోయండి. రెండు పక్షాలకూ కలిపి 20 మించొద్దు. బిళ్ల మీద ఎడమవైపు బలం, కుడివైపు నడక: 4-3 అంటే బలం 4, వంతుకు 3 గళ్లు. పోరులో రెండు బలాల నిష్పత్తి చూసి, శేషాన్ని కాపలావాడికి లాభంగా వదిలేయండి. 7 బలం 3 మీదికి వస్తే అది 2:1 మాత్రమే. ఆట 10 వంతుల్లో ముగియాలి.

మొదటిసారి దాదాపు అందరూ తప్పుచేసే చోటు ఒకటుంది. దారి ఇరుకు కాబట్టి కోటవాడు బిళ్లలన్నీ ఒకే గడిలో పేర్చి కూర్చుంటాడు, కిందివాడు ఎన్నిసార్లు వచ్చినా ఓడిపోతాడు. ఒక గడిలో రెండు బిళ్లలకు మించి ఉండకూడదని నియమం పెట్టండి. కోటలో నీళ్లకు లెక్క పెట్టండి, ఐదో వంతు తర్వాత వంతుకు ఒక బలం తగ్గాలి. రెండు పక్షాలకూ గెలుపు ఒకటే అయి ఉండనక్కర్లేదు. మన అరుగుల మీది పులి-మేక ఆట చూడండి: 3 పులులకు మేకలను తినడం గెలుపు, 15 మేకలకు పులులను కదలకుండా కట్టేయడం గెలుపు. అసమాన బలాలను తూకంలో పెట్టడానికి ఇంతకంటే మంచి పాఠం లేదని మా గట్టి నమ్మకం.

పోరు ఫలితం తేల్చే పాచికల విషయం పచ్చీసు ఆడినవాళ్లకు త్వరగా అర్థమవుతుంది. ఆరు గవ్వల్లో మూడు వెల్లకిలా పడటం తరచూ జరుగుతుంది, ఆరూ పడటం అరుదు. రెండు పాచికలదీ అదే గుణం. 9 లేదా ఆపైన పడాలంటే 36లో 10 అవకాశాలు, 8 చాలంటే 15. అదే 12 పడాల్సినచోట 11 చాలన్నారనుకోండి, 1 నుంచి 3 మాత్రమే అవుతుంది. కాబట్టి +1 సాయం ఏ అంకె దగ్గర పడుతుందో చూసి ఇవ్వండి. పదిసార్లు ఆడించి, ఒకవైపే ఎనిమిది గెలిస్తే ఏదైనా ఒక్క అంకె మార్చి మళ్లీ ఆడించండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఆ తర్వాత కంప్యూటర్. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు. గోడో ఇంజిన్ ఉచితం, మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌కు సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి.

అపోహ: ఎంత నిజంగా ఉంటే ఆట అంత మంచిది.

ఏకే-47 తూటా గొట్టం వదిలేటప్పుడు సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో పోతుంది. గాలి అడ్డు లెక్క వేయకున్నా 300 మీటర్లకు 0.42 సెకన్లు. ఈలోగా సెకనుకు 5 మీటర్లు పరుగెత్తేవాడు 2 మీటర్లు జరిగిపోతాడు. ఫోన్ తెర మీద, నెట్ ఆగి ఆగి వచ్చేచోట ఇది పెడితే ఎవరికీ గురి కుదరదు. అందుకే చాలా ఆటల్లో తూటా నొక్కగానే తగులుతుంది. సైనిక శిక్షణ సిమ్యులేటర్లలో, అంటే అసలు యుద్ధాన్ని అనుకరించే యంత్రాల్లో, లెక్క తిరగబడుతుంది. అక్కడ విసుగు పుట్టినా సహిస్తారు, తప్పు నేర్పితే సహించరు. 1993 నుంచి ఉన్న జెన్ టెక్నాలజీస్ లాంటి సిమ్యులేటర్ కంపెనీ హైదరాబాద్‌లోనే ఉంది. ఆటల కంపెనీలతో పాటు ఈ రంగం వైపూ చూడండి.

అపోహ: సైన్యంలో చేసినవాళ్లకే ఈ పని వస్తుంది.

అలాంటిదేమీ లేదు, కానీ సైన్యం గురించి చదవాలి. కొత్తవాళ్ల కథల్లో కల్నల్ పదిమందిని వెంటేసుకుని తలుపులు పగలగొడుతుంటాడు. మన సైన్యంలో పదిమంది సెక్షన్‌ను నడిపేది సాధారణంగా హవల్దార్. కల్నల్ చేతిలో బెటాలియన్ ఉంటుంది. ఊళ్లో రిటైరైన సైనికులుంటే మీ కథను వాళ్లతో చదివించుకోండి.

అపోహ: గుర్తులు, మ్యాపులు ఎలాగైనా వాడుకోవచ్చు.

మందుల పెట్టె మీద ఎర్ర శిలువ వేయొద్దు. 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. రంగులు తిప్పి ఎరుపు మీద తెల్ల శిలువ వేసినా కుదరదు, అది స్విట్జర్లాండ్ గుర్తు. ఆకుపచ్చ శిలువ వాడండి. దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో సరిపోవాలి. తప్పు మ్యాపు ప్రచురిస్తే 1961 చట్టం కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు.

అపోహ: ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు, ఇక ఉద్యోగాలెక్కడివి?

2025 చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటలను. డబ్బు పందెం లేని యుద్ధం ఆటలకు ఆ నిషేధం వర్తించదు.

దరఖాస్తుతో పాటు మూడు పంపండి: రెండు పేజీల డిజైన్ పత్రం, ఐదు నిమిషాల్లో ఆడగలిగే ఒక లెవల్, తుపాకుల అంకెల షీటు. పంపేముందు ఆ లెవల్‌ను ఎన్నడూ చూడని ఐదుగురితో ఆడించండి. వాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని ఒక్క మాట కూడా చెప్పొద్దు. ఎక్కడ ఆగారో, ఎక్కడ దారి తప్పారో రాసుకోండి. ముగ్గురు ఒకేచోట ఆగితే అక్కడ గోడ జరపండి, లేదా వెలుతురు పెట్టండి.