మీరేమోళ్లు? క్యారెక్టర్ షీట్‌లో రెండు గళ్ల వెనక యాభై ఏండ్ల చరిత్ర

నల్లగొండలో ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురైదుగురం కూడి ఆడుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు ఎండాకాలం సెలవుల్లో ఒక కొత్త పిల్లవాడు వచ్చాడు. ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాడు. గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ తీయించిన క్యారెక్టర్ షీట్ ఒకటి, అంటే ఆటలో తన పాత్ర వివరాలు రాసుకునే కాగితం, చేతికిచ్చాను. అందులో ఇంగ్లిష్ మాటల పక్కన తెలుగు మాటలు నేనే రాసి పెట్టాను. ‘రేస్’ పక్కన జాతి, ‘క్లాస్’ పక్కన వృత్తి. వాడు పాచికలు వేసి బలం, చురుకుదనం, తెలివి అన్నీ నింపాడు. పాత్రకు పేరు కూడా పెట్టుకున్నాడు. ‘జాతి’ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. “అన్నా, గిది గూడ నింపాల్నా?” అని మెల్లగా అడిగాడు. తర్వాత నింపుదువులే అన్నాను. సాయంత్రం షీట్లు సర్దుతుంటే చూశాను. అన్ని గళ్లూ నిండి ఉన్నాయి, అదొక్కటే ఖాళీ. ఆ వారమే వాడు స్కాలర్‌షిప్పు కోసం మీసేవలో కులం సర్టిఫికెట్ తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

తప్పు నాదే. ఆ మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయో, మా ఊళ్లో అవి ఎవరికి ఎట్లా తగులుతాయో ఆలోచించకుండా రాసేశాను. ఈ రెండు గళ్ల చరిత్ర కూర్చుని చదివింది ఆ తర్వాతే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథల ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ను డీఎం అంటాం. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. పాత్ర ఏం చేయబోతోందో చెప్తారు, అది అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆట మొదలుకాకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. నీ పాత్ర ఎవరికి పుట్టింది? మనుషులకా, కొండల కింద గనులు తవ్వే పొట్టి డ్వార్ఫ్‌లకా, వందల ఏండ్లు బతికే ఎల్ఫ్‌లకా? ఇక రెండోది, నీ పాత్రకు వచ్చిన పనేమిటి? కత్తి తిప్పడమా, మంత్రం వేయడమా, చప్పుడు కాకుండా తాళం తీయడమా? మొదటిది రేస్, రెండోది క్లాస్.

ఈ ఆట 1974లో అచ్చయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరివాడు గ్యారీ గైగాక్స్, మినెసోటావాడు డేవ్ ఆర్నెసన్ కలిసి తయారు చేశారు. ఇద్దరూ బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడుకునేవాళ్లే. పటాలాన్ని నడిపే ఆట మెల్లగా ఒక్క మనిషిని నడిపే ఆటగా మారింది. మొదట్లో క్లాసులు మూడే: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. క్లెరిక్ పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. ఆర్నెసన్ బల్ల దగ్గర ఒక ఆటగాడి పాత్ర రక్తం తాగే పిశాచమై ఎవరికీ లొంగకుండా పోయింది. దాన్ని ఎదుర్కోవడానికి ఇంకో ఆటగాడి కోసం దైవబలం గల పూజారి యోధుణ్ణి తయారు చేశారు. అంటే క్లాస్ అనేది బల్ల దగ్గర అవసరం కొద్దీ, చేతిలో ఉన్న పనిని బట్టి పుట్టింది. రేస్ మాత్రం పాత కథల్లోంచి వచ్చింది. టోల్కిన్ నవలల్లోని పొట్టి జనం హాబిట్. ఆ పేరు మీద హక్కుదారులు అభ్యంతరం పెడితే హాఫ్‌లింగ్ అని మార్చుకోవాల్సి వచ్చింది కూడా.

పుట్టుకకూ పనికీ ముడి పడింది ఆ మొదటి పుస్తకాల్లోనే. డ్వార్ఫ్ యోధుడు మాత్రమే కావచ్చు, అదీ ఆరో లెవెల్ దాకానే. లెవెల్ అంటే ఆడేకొద్దీ పాత్ర ఎక్కే మెట్టు. హాబిట్ నాలుగో లెవెల్ దగ్గర ఆగిపోతాడు. ఎల్ఫ్ కత్తిలో నాలుగు, మంత్రంలో ఎనిమిది దాటడు. మనిషి ఏదైనా నేర్చుకోవచ్చు, ఎంత పైకైనా పోవచ్చు. దీనికి ఆటపరంగా కారణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. డ్వార్ఫ్‌లకు, ఎల్ఫ్‌లకు చీకట్లో చూపు లాంటి శక్తులు పుట్టుకతోనే ఉంటాయి. వాళ్లకు హద్దు పెట్టకపోతే మనిషి పాత్రను ఎవరూ ఎంచుకోరు. పైగా గైగాక్స్‌కు మనుషులదే పైచేయిగా ఉండే లోకం కావాలి, ఆ మాట 1979 నాటి డీఎం పుస్తకంలో వాదించి మరీ రాశాడు.

1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో హద్దులు ఇంకా చిక్కనయ్యాయి. ధర్మయోధుడైన పాలడిన్ మనిషే అయి ఉండాలి. హాఫ్ ఆర్క్‌కు, అంటే మనిషికీ ఆర్క్ అనే భీకర జీవికీ పుట్టినవాడికి, బలం ఒకటి పెరుగుతుంది, ఆకర్షణ రెండు తగ్గుతుంది. వాడు హద్దు లేకుండా ఎదగగలిగే పని ఒక్కటే, డబ్బుకు ప్రాణాలు తీసే హంతకుడి పని. ఇంకో పట్టిక కూడా ఉంది, దాన్ని మొదటిసారి చూసినప్పుడు కాసేపు పేజీ తిప్పలేకపోయాను. అడ్డంగా ఏడు రేసులు, నిలువుగా అవే ఏడు. ఎవరంటే ఎవరికి ప్రీతి, ఎవరంటే సహనం, ఎవరంటే పడదు, ఎవరంటే ద్వేషం, ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం. డ్వార్ఫ్ వరుసలో హాఫ్ ఆర్క్ కింద ద్వేషమని ఉంది. వాళ్లిద్దరూ ఇంకా ఒకరి మొహం ఒకరు చూడనే లేదు, ఆట మొదలే కాలేదు.

పాటగాడి క్లాస్, అంటే బార్డ్, ఆ పుస్తకం చివర అనుబంధంలో ఉంది. ముందు యోధుడిగా, తర్వాత దొంగగా బతికితే గానీ పాట దొరకదు. అదీ మనిషికో, హాఫ్ ఎల్ఫ్‌కో మాత్రమే. డ్వార్ఫ్ పాడకూడదు. ఈ వాక్యం దగ్గర నాకు మన పాలమూరు గుర్తొచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం గర్వపడ్డాం. ఆ కిన్నెర డక్కలి వాళ్ల చేతుల్లో ఉంటూ వచ్చింది. మాదిగలకు జాంబపురాణం చెప్పడం డక్కలి వాళ్ల వంతు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడం కూనపులి వాళ్ల వంతు. ఎవరి కథ ఎవరు చెప్పాలో, ఏ వాయిద్యం ఎవరి భుజాన ఉండాలో పుట్టుకే తేల్చింది. ఇంత గొప్ప కళను ప్రాణం పెట్టి కాపాడినవాళ్లే ఊరికి దూరంగా, అడుక్కుని బతకాల్సి వచ్చింది. ఈ రెండు మాటల్లో ఏది వదిలేసినా చరిత్ర సగమే అవుతుంది.

1981 నాటి తేలిక పుస్తకం ఇంకో అడుగు వేసింది. అందులో మనిషికే క్లాస్ ఉంటుంది. మిగిలినవాళ్లకు పుట్టుకే క్లాస్. మనిషి షీట్ మీద ‘యోధుడు’ అనో ‘దొంగ’ అనో రాసుకుంటే, డ్వార్ఫ్ క్లాస్ గడిలో కూడా ‘డ్వార్ఫ్’ అనే రాయాలి. డ్వార్ఫ్‌కు గరిష్ఠం పన్నెండు లెవెళ్లు. ఎల్ఫ్‌కు పది, హాఫ్‌లింగ్‌కు ఎనిమిది. కొత్తవాళ్లకు సులువుగా ఉండాలని చేసిన ఏర్పాటే ఇది, ఇప్పటికీ ఆ పుస్తకాన్ని ప్రేమించి ఆడేవాళ్లున్నారు. అన్ని ఆటలూ ఇదే దారి పట్టలేదు కూడా. 1978లోనే వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో క్లాసులే లేవు. ఏ పని చేస్తే ఆ పనిలోనే చేయి తిరుగుతుంది.

మా జిల్లాలో వెట్టి ఎట్లా నడిచిందో పెద్దవాళ్లు చెప్తే విన్న తరం మాది. దొర గడీకి చాకలివాళ్లు బట్టలుతకాలి, కుమ్మరులు కుండలియ్యాలి, మాదిగలు చెప్పులు కుట్టియ్యాలి. కూలి లేదు. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో నల్లగొండ ముందు నిలబడ్డదంటే, ఆ వెట్టి తెంచుకోవడానికి కూడా. అందుకే ‘క్లాస్’కు ‘వర్గం’ అని రాద్దామని ఒకరంటే ఇక్కడ వర్గమంటే పోరాటమే గుర్తొస్తుంది, ఆట గుర్తుకు రాదు. ‘తరగతి’ అంటే బడి. ‘వృత్తి’ అంటే, దాని ముందు ఎవరూ రాయకపోయినా ‘కుల’ అని చదువుకునే చెవులు మావి. ఆర్క్‌ను రాక్షసుడు అందామా అంటే, మన పురాణాల్లో ఎవరెవరిని రాక్షసులన్నారో అన్న పెద్ద చర్చే ఉంది. ఇక ‘జాతి’. మా వైపు కొత్త మనిషి కలిస్తే అడిగే ప్రశ్న “మీరేమోళ్లు?” అని. సూటిగా అడగలేనివాళ్లు ఇంటిపేరేంది, ఏ ఊరు, ఊళ్లో ఏ వాడ అని చుట్టు తిప్పి అడుగుతారు. మూడో జవాబుకల్లా వాళ్లకు కావలసింది దొరికిపోతుంది. బడిలో, అద్దె ఇంటి దగ్గర, పెండ్లి మాటల దగ్గర ఆ ప్రశ్న విని విని అలిసిన పిల్లవాడికి నేను అదే ప్రశ్నను గడి గీసి మరీ ఇచ్చాను.

ముడి విప్పడం 2000లో మొదలైంది. అప్పటికి ఆటను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీ కొనుక్కుంది. మూడో కూర్పులో ఎవరైనా ఏ క్లాసైనా తీసుకోవచ్చన్నారు, లెవెల్ హద్దులు ఎత్తేశారు. అయినా హాఫ్ ఆర్క్‌కు తెలివిలో రెండు, ఆకర్షణలో రెండు కోత మిగిలింది. 2008లో వచ్చిన నాలుగో కూర్పు కోతలు తీసేసి పెంపులు మాత్రం ఉంచింది.

పెంపే కదా, నష్టమేముంది అనిపిస్తుంది. లెక్క చూడండి. ఒక గుణంలో రెండు అంకెలు ఎక్కువుంటే ప్రతి పాచికకు ఒకటి కలుస్తుంది. ఇరవై ముఖాల్లో ఒకటంటే నూటికి ఐదు. మంత్రగాడికి తెలివి కావాలి, ఒక రేస్‌కు తెలివి పెంపు ఉంది, ఇంకో రేస్‌కు బలం పెంపు ఉంది. ఆర్క్ మంత్రగాడవ్వొద్దని ఈ కొత్త పుస్తకాల్లో ఎక్కడా లేదు. కానీ అయితే ఆట పొడుగునా పక్కవాడికంటే ఒకటి వెనకబడే ఉంటాడు. అందుకని ఎవరూ ఆపకుండానే అందరూ పాత జంటలే కట్టుకున్నారు. నిషేధం పోయాక కూడా పాత దారి ఎందుకు చెరగదో ఈ ఒక్క అంకె చెప్పినంత స్పష్టంగా నాకు ఇంకేదీ చెప్పలేదు.

2020లో అనుబంధంగా వచ్చిన ఒక పుస్తకం ఆ పెంపును నచ్చిన గుణానికి మార్చుకోవచ్చని వీలిచ్చింది. అంతకు ముందు ఏడాదే పాత్‌ఫైండర్ అనే పోటీ ఆట రేస్ అనే మాట వదిలేసి ‘పూర్వీకులు’ అనే అర్థం వచ్చే మాట పెట్టుకుంది. 2022 డిసెంబరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా రేస్ మాటను వదులుకుంటున్నట్టు ప్రకటించింది. 2024 పుస్తకంలో దాని చోట ‘స్పీషీస్’ వచ్చింది, పది రకాలు. అసలు మార్పు నా లెక్కన పేరులో లేదు. గుణాల పెంపు పుట్టుక గడిలోంచి లేచి ‘బ్యాక్‌గ్రౌండ్’ గడిలోకి, అంటే ఆ పాత్ర అంతకుముందు ఎట్లా బతికిందన్న దానిలోకి వెళ్లింది. అట్లాంటివి పదహారు. రైతుగా బతికితే బలం, ఓర్పు, వివేకం పెంచుకోవచ్చు. చేతిపని చేసి బతికితే బలం, చురుకుదనం, తెలివి. వాటిలో ‘నోబుల్’ అని ఒకటుంది, దొరబిడ్డగా పెరగడం. పుట్టుక ఆ కిటికీలోంచి మళ్లీ లోపలికొచ్చిందని నా అభిప్రాయం.

ఈ మార్పు నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. ఎల్ఫ్ మనిషి కాడు, ఒళ్లే వేరు, మన కులాలను తెచ్చి ఊహాలోకం మీద రుద్దడమేమిటని అడుగుతారు. ఆ మాటలో బలముంది. డ్వార్ఫ్‌కు చీకట్లో కళ్లు కనబడటం నాకూ కావాలి, అదే కదా సరదా. పుట్టుక ఒళ్లు ఇవ్వనీ. ఎంతవరకు ఎదగాలో, ఎవర్ని ద్వేషించాలో అది ఎందుకివ్వాలి? నాకు మాత్రం 2024 పుస్తకంలో నచ్చనిది వేరే ఉంది. హాఫ్ ఎల్ఫ్, హాఫ్ ఆర్క్ వరుసలు ప్రధాన పుస్తకంలోంచి పోయాయి. 2018లో కులం కోసం మిర్యాలగూడలో ఒక యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు, భార్య పక్కనుండగానే. ఈ జిల్లాలో కూర్చుని ఆడేవాళ్లకు రెండు వైపుల వాళ్లకు పుట్టిన బిడ్డ కథ అన్నిటికంటే ముందు కావాలి. మా బల్ల దగ్గర ఆ వరుసలు అట్లాగే ఉంచాం.

షీట్ మళ్లీ రాశాను. ఈసారి ఒక్కడినే కూర్చోలేదు, ఆడేవాళ్లందరం కూర్చున్నాం. రేస్‌కు ‘రూపం’ అని పెట్టుకున్నాం. క్లాస్‌కు మాట మాతో ఆడే డిగ్రీ అమ్మాయి ఇచ్చింది. కత్తి విద్య, మంత్ర విద్య, చోర విద్య, గాన విద్య, అన్నీ విద్యలే కదా సార్ అంది. అది విన్నాక ఇంక వేరే మాట వెతకలేదు. బ్యాక్‌గ్రౌండ్‌కు ‘బతుకుదెరువు’. పాలమూరు నుంచి వచ్చే మా మిత్రుడు ఆ గడి నింపడానికి అందరికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. వాళ్ల నాయన ముంబైలో మేస్త్రీ పనికి పోయి వచ్చినవాడు.

ఆ పిల్లవాడు మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో ఆదివారం వచ్చి కొత్త షీట్ తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని నింపి తెచ్చిచ్చాడు. రూపం: డ్వార్ఫ్. విద్య: గానం. బతుకుదెరువు: ఊరూరా తిరిగి కథ చెప్పుడు. అంచున ఖాళీలో పెన్నుతో కిన్నెర బొమ్మ వేశాడు, కింద సొరకాయ బుర్రలతో సహా. మెట్లు లెక్కపెట్టాను, పన్నెండూ ఉన్నాయి.