ఎస్‌యూవీకి వింటర్ టైరు సైజు: అపోహలు - వాస్తవాలు

కెనడాలో చలి మొదలవగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ టైరు కొనాలని. కంపెనీ సంగతి తర్వాత, ముందు సైజు తేలాలి. 2019 నుంచి 2025 దాకా వచ్చిన టయోటా రావ్4నే తీసుకోండి. కింది ట్రిమ్ముకు (అదే మోడల్‌లో తక్కువ హంగులున్న రకానికి) 225/65ఆర్17, కొన్ని పై ట్రిమ్ములకు 235/55ఆర్19 వస్తాయి. ఇందులో 225 మిల్లీమీటర్లలో వెడల్పు, 65 వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు శాతం, 17 అంగుళాల్లో రిమ్ము వ్యాసం. మీ బండిది ఏదో డ్రైవరు డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. పాత టైరు మీది సైజు నమ్మకండి, ముందు యజమాని మార్చి ఉండొచ్చు.

అపోహ: టైరు ఎంత వెడల్పుంటే మంచులో అంత పట్టు.

వాస్తవం: వెడల్పాటి టైరు మెత్తటి మంచు మీద, నీళ్లు కలిసిన మంచు మీద తేలిపోతుంది. సన్నటిది మంచును కోసుకుంటూ కిందున్న రోడ్డును అందుకుంటుంది. అద్దంలా గడ్డకట్టిన చోట వెడల్పుకంటే రబ్బరు మెత్తదనం, ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) దిమ్మల మీది సన్నటి గాట్లు ముఖ్యం.

అపోహ: బండితో 19 అంగుళాల రిమ్ములు వచ్చాయి కాబట్టి వింటర్ టైర్లూ 19వే కావాలి.

వాస్తవం: రిమ్ము తగ్గించొచ్చు, తగ్గిస్తేనే మంచిది కూడా. 17 అంగుళాల టైరు చవక. సైడ్‌వాల్ ఎత్తు ఎక్కువ కాబట్టి మంచు కింద కనపడని గుంటలో పడ్డా రిమ్ము వంగే అవకాశం తక్కువ. కాకపోతే బయటి వ్యాసం దాదాపు మారకూడదు. లెక్క ఇలా వేయాలి: వెడల్పును సైడ్‌వాల్ శాతంతో గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కలపాలి. 235/55ఆర్19కి 258.5 + 482.6 = 741 మి.మీ. 225/65ఆర్17కి 292.5 + 431.8 = 724 మి.మీ. తేడా 2.3 శాతం. మామూలుగా ఒప్పుకునే మూడు శాతం లోపే ఉంది, పైగా అదే మోడల్‌కు కంపెనీ బిగించే సైజు కాబట్టి ఫెండరుకు (చక్రం పైనుండే రేకుకు) రాసుకుంటుందన్న భయం లేదు. స్పీడోమీటరు మాత్రం అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

అదే ఎవరో చవగ్గా అమ్ముతున్నారని 215/70ఆర్16 సెట్టు తెచ్చుకుంటే వ్యాసం 707 మి.మీ.కి పడిపోతుంది, తేడా నాలుగున్నర శాతం. రిమ్ము బ్రేకు కాలిపర్‌కు (చక్రం లోపల బ్రేకు డిస్కును నొక్కే భాగానికి) తగిలే ప్రమాదమూ ఉంది.

అపోహ: సైజు అంకెలు కలిస్తే చాలు.

వాస్తవం: సైజు పక్కనుండే 102టి లాంటి గుర్తులో 102 లోడ్ ఇండెక్స్. అంటే ఒక్కో టైరు 850 కిలోలు మోస్తుంది. 99 అయితే 775 కిలోలే. కుటుంబమంతా ఎక్కి, డిక్కీ నిండా సామానుతో వెళ్లే బండికి ఇది స్టిక్కరులో ఉన్నదానికంటే తగ్గకూడదు. వేగం అక్షరం వింటర్ టైరులో తగ్గినా ఫర్వాలేదు. టి అంటే గంటకు 190 కి.మీ., దాన్ని దాటనంత వరకు చాలు.

అపోహ: టైరు మీద ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అని ఉంటే వింటర్ టైరే.

వాస్తవం: అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసే గుర్తు, మంచులో పరీక్షించినట్టు కాదు. మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు బొమ్మ వెతకండి. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి చేసిన క్యూబెక్ ప్రావిన్స్‌లో ఆ బొమ్మే లెక్క.

అపోహ: ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే ఏర్పాటు) ఉంది, ముందు రెండు మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. ముందు మాత్రమే పట్టుంటే మలుపులో వెనక భాగం జారిపోతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే మోడల్, ఒకే అరుగుదలలో ఉండాలి. చుట్టుకొలతలు తేడాగా ఉంటే ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే కప్లింగ్ మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది.

వేరే రిమ్ములు కొంటుంటే రావ్4కి 5x114.3 బోల్టుల అమరిక (114.3 మి.మీ. వ్యాసమున్న వృత్తం మీద ఐదు బోల్టులు), 60.1 మి.మీ. మధ్య రంధ్రం చూడండి. రంధ్రం పెద్దదైతే ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగులు వేయించండి, లేకపోతే వేగం పెరిగాక స్టీరింగ్ వణుకుతుంది. నట్లు టార్క్ రెంచితో 103 న్యూటన్ మీటర్లకు బిగించి, 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ సరిచూడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే టైరులో గాలి దాదాపు 2 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి పొద్దున్నే, బండి కదలకముందే కొలవాలి.