శీతోష్ణస్థితిలో వాన ఏదీ?

అమలాపురం సంతలో ఎవరైనా "వాతావరణం మారింది" అంటే, మబ్బు పట్టింది, బియ్యం బస్తాల మీద పట్టా కప్పుకోమని అర్థం. అదే మాట రాత్రి టీవీ వార్తల్లో వినబడితే భూగోళం వేడెక్కుతోందని అర్థం. ఒకటి గంటల వ్యవహారం, ఇంకొకటి దశాబ్దాల వ్యవహారం. విడదీసి చూస్తే వాత, ఆవరణం: భూమిని చుట్టి ఉన్న గాలి పొర. పాపం ఆ ఒక్క మాట చేతే గాలి పొర, ఇవాళ్టి మబ్బు, ముప్పై ఏళ్ళ తీరు, చివరికి ఎన్నికల వాతావరణం, పెళ్ళింటి వాతావరణం కూడా మోయిస్తున్నాం.

ఈ చిక్కు విప్పడానికి పాఠ్యపుస్తకాలు శీతోష్ణస్థితి అనే మాట వాడతాయి. ఒక చోట కనీసం 30 ఏళ్ళపాటు నమోదైన వాతావరణపు సగటు తీరు అది. ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ ప్రామాణికంగా తీసుకునేది 1991–2020 మధ్య కాలం. మాట కచ్చితమైనదే గానీ, అందులో చలి ఉంది, వేడి ఉంది, వాన లేదు. ఇంగ్లీషు క్లైమేట్‌లోనూ లేదు. దాని మూలమైన గ్రీకు 'క్లిమా'కు వాలు అని అర్థం. హిందీ 'జలవాయు' నయం, నీరూ గాలీ రెండూ ఉన్నాయి. మన ఇళ్ళలో వాడే మాటలు కూడా దానికే దగ్గర. కొత్త ఊరు వెళ్ళి జబ్బుపడితే "అక్కడి నీళ్ళు పడలేదు" అంటాం, కోలుకోవడానికి "గాలి మార్పు" కోసం పంపిస్తాం.

గోదావరి డెల్టా రైతుకు శీతోష్ణస్థితి అంటే కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. రోళ్ళు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట కురుస్తుంది" అన్న సామెత అక్టోబరు సంగతి. నైరుతి వెనక్కి మళ్ళే ఆ రోజుల్లో పెద్ద వర్షపు పట్టీలు తగ్గి, ఎక్కడికక్కడ ఉరుముల మబ్బులు లేస్తాయి. ఈ గట్టున కుండపోత, ఆ గట్టున పొడి నేల. అయితే ఈ క్యాలెండరులో ఒక సన్నని లోపం ఉంది. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, ఋతువులు భూమి అక్షం వాలును బట్టి నడుస్తాయి. ఆ అక్షం బొంగరంలా ఊగుతూ సుమారు 26,000 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల 71 ఏళ్ళకు దాదాపు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల కన్నా వెనకబడతాయి. వెయ్యేళ్ళకు ఇంచుమించు ఒక కార్తె తేడా! సామెత ఎంత పాతదైతే అంత సవరణ కావాలన్నమాట.

సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) పంటల పేర్లే అయినా ఇక్కడ కాలాల పేర్లుగా చెల్లుతాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు ఈ లెక్కను స్థిరపరిచాయి. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకానికి 150 రోజుల దాకా పడుతుంది. కాలువ నీళ్ళు ఆలస్యమై జూన్ చివర నారు పోస్తే కోత నవంబరు చివరికి జరుగుతుంది. బంగాళాఖాతంలో తుఫానులు జోరుగా పుట్టే కాలం అదే. కోనసీమను ఊడ్చేసిన తుఫాను 1996 నవంబరు 6న తీరం దాటింది. దాళ్వాది ఇంకో బాధ. చలికి నారు ఎర్రబడి ఎదగదు, నాట్లు వెనకబడతాయి. అప్పుడు పూత ఎండల్లో పడుతుంది. పూత సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, గింజ కట్టదు, తాలు మిగులుతుంది.

ఎండ అన్న మాటకూ రెండు అర్థాలున్నాయి, వెలుగు ఒకటి, వేడి ఒకటి. "42 డిగ్రీల ఎండ" అని చెప్పే అంకెను నిజానికి నీడలోనే కొలుస్తారు, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో. ఆ అంకెకు అందనిది మన ఉక్కపోత. చెమట ఆరితేనే ఒంటి వేడి తగ్గుతుంది. సముద్రం, కాలువలు, చెరువుల వల్ల గాలి ముందే తడిగా ఉంటే చెమట ఆరదు. 35 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి సుమారు 50 డిగ్రీలలా తోస్తుంది. వడగాలులు ప్రకటించడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలంటే, తీరంలో 37 చాలు (సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది ఇంకో షరతు).

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టే మాట 'సాధారణ వర్షపాతం'. దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ లెక్కలో అది సాధారణమే. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు 4,047 లీటర్లు; 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు పడితే, అంటే అత్యంత భారీ వర్షమైతే, ఎకరం మీద ఎనిమిది లక్షల లీటర్లకు పైమాటే. జూలైలో ముఖం చాటేసిన వాన సెప్టెంబరులో రెండు రోజుల్లో అలా కుమ్మరించినా కాలం మొత్తానికి సగటు సరిపోవచ్చు. మురుగు కాలువ పూడిపోయిన లంకచేలో అప్పటికి పైరు కుళ్ళిపోయి ఉంటుంది. పట్టికలో మాత్రం ఆ ఏడు సాధారణం.